కాటా మీద మా ఊరి పరువు

జూడోలో ఎదుటి మనిషిని ఎత్తి పడేయడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా పోటీకి ముందు కాటా ఎక్కడంలో ఉంది. నేను నలభై ఎనిమిది కిలోల లోపు ఆడపిల్లల విభాగంలో ఆడేదాన్ని. తూకంలో అంకె దాన్ని దాటిందంటే, ఎన్ని పట్లు తెలిసినా ఇంటికి పొమ్మంటారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెంగళూరులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ అంతర్జాతీయ జూడో పోటీలు పెట్టారు. అనంతపురం క్రీడా హాస్టల్లో ఉన్న నాకు అందులో చోటు దొరికింది. అక్కడ పతకం తెస్తే క్రీడల కోటాలో ఉద్యోగం ఖాయమని జూడో నేర్పే మా సారు చెప్పారు. తేలేకపోతే నాకు మిగిలేది చెనిక్కాయ చేలో, అంటే వేరుశనగ చేలో, కలుపు తీయడమే. ఆ ఏడు వాన మొహం చాటేసింది కాబట్టి ఆ కలుపు కూడా లేదు.

సారు మిగతా పిల్లలతో ముందుగా బయలుదేరుతూ, "రెండ్రోజులు నోరు కట్టుకో, చాలు" అన్నారు. కట్టుకునేదాన్నే. కానీ కంబదూరు దగ్గరి మా ఊరి సర్పంచి, నన్ను ఊరు సాగనంపకపోతే ఎట్లా అని పట్టుబట్టి మా నాయనను హాస్టల్‌కి పంపాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి మరి.

మా సర్పంచి గురించి ఒక ముక్క చెప్పాలి. అంతకు కొద్ది రోజుల ముందే కరువు చూడడానికి పైనుంచి ఆఫీసర్లు వచ్చారు. ఆయన ఊళ్ళో బక్కవాళ్ళందరినీ ఏరి ముందు వరసలో నిలబెట్టాడు. కాస్త ఒళ్ళున్న వాళ్ళను ఇళ్ళలోంచి బయటికి రావద్దన్నాడు. తనకేమో బొజ్జ ఉంది కాబట్టి వాళ్ళ తమ్ముణ్ణి పంపాడు. ఇప్పుడు అదే మనిషి, నాయన వెంట ఊరొచ్చిన నన్ను పైనుంచి కిందిదాకా చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఏందప్పా ఇది! ఇట్ల ఎముకల గూడును పంపిస్తే, అనంతపురంలో తిండి లేదనుకోరా బయటి దేశాలోళ్ళు? మన పరువేం గావాల?"

కరువు నిధుల కోసం బక్కగా ఉండాలి, పరువు కోసం బొద్దుగా ఉండాలి. ఈ రెండు పనులకూ ఒకటే ఒళ్ళని ఆయనకు తోచలేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పెద్ద పని మీద ఊరు దాటే మనిషి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో ముద్ద తినాలి. కాదంటే ఆ ఇంటి మీద పగ పట్టినట్టే. నన్ను పూలదండ వేసి, తప్పెట్లు కొట్టి, ప్రతి ఇంటి ముందూ ఆపారు. ఒకచోట సంగటి, ఊరిబిండి పచ్చడి. ఇంకోచోట ఓళిగ, దాని మీద నెయ్యి. సర్పంచి ఇంట్లో ఏకంగా పొట్టేలు. గిన్నెలు బోర్లించి ఉన్న ఊళ్ళో ఇంత తిండి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక ముసలవ్వ తన కోసం దాచుకున్న బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. ఉమ్మేయడానికి నాకు మనసొప్పలేదు.

మధ్యలో నాయనను పక్కకు పిలిచి ఏడుపు మొహంతో చెప్పాను. "ఇంక తింటే కాటాలో ఎక్కువొస్తాను నాయనా."

నాయన నవ్వాడు. "యాడన్నా కాటా మన సరుకును ఎక్కువ చూపిచ్చేది చూసినావా? ఇంట్లో నిండుగా కట్టిన మూట మార్కెట్ యార్డుకు పోతానే సంచి తరుగంటారు, మన్ను తరుగంటారు, తేమ తరుగంటారు. సగం ఆడనే పోతాది. నువ్వు తినుమ్మా, కోసేది వాళ్ళు కోస్తారు."

ముప్పై ఏళ్ళు చెనిక్కాయలు అమ్మిన మనిషి అనుభవం అది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు.

సర్పంచి జీపులో, నాయనతో సహా పట్టినంతమందిమి బెంగళూరు చేరాం. తూకం గదిలోకి ఆడవాళ్ళకే ప్రవేశం. ఏ దేశమో తెలియని ఒక తెల్లటావిడ కాటా చూపించింది. ఎక్కాను. అంకె గీత దాటింది. ఆవిడ జాలిగా తల అడ్డంగా ఊపి, గడువు ఇంకా ఉందని చేత్తో సైగ చేసింది. మెట్లెక్కి దిగాను. దుప్పటి కప్పుకుని పరిగెత్తాను. నోరెండిపోయేదాకా ఉమ్మేశాను. మళ్ళీ ఎక్కితే గుప్పెడు చెనిక్కాయలంత బరువు ఇంకా మిగిలే ఉంది.

తలుపు బయట సర్పంచి అక్కడ కాపలా ఉన్న కుర్రాడితో తగువు పెట్టుకున్నాడు. "ఏమప్పా, గుడ్డల తరుగు తీయరా? పిల్ల చెమటతో తడిసిండాది, తేమ తరుగన్నా తీయండి!" తెలుగులో పని జరగక కన్నడంలో కూడా బేరమాడాడు. లోపల నేను ఒంటి మీద నూలుపోగు లేకుండా, తీయడానికి ఇంకేమీ మిగలక నిలబడి ఉన్నాను.

గడువు అయిపోయింది. నా పేరు కొట్టేశారు. సారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు.

సర్పంచి మాత్రం ఏమాత్రం తగ్గలేదు. ఎవరో విలేకరి కనబడగానే, "కరువు సీమ బిడ్డ బరువు తట్టుకోలేక వాళ్ళే వద్దన్నారు" అని చెప్పాడు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు తెలిసిన పట్లన్నీ ఒక్కసారి ఆయన మీద వేయాలనిపించింది. ఆ జీపు ఎక్కనని మొండికేసి బస్టాండుకు నడిచాను. నాయన నా వెనకాలే వచ్చాడు.

బస్సులో కూర్చున్నాక నాయన మెల్లగా అడిగాడు. "ఆ తెల్లాయమ్మ కాటాలో ఏం మోసం చేసిందమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "మోసం లేదు, మన్నూ లేదు నాయనా! ఎంతుంటే అంతే చూపిస్తాది ఆ కాటా. తీసేదీ లేదు, కలిపేదీ లేదు."

నాయన కిటికీలోంచి ఎండిన చేలను చూశాడు. పెనుకొండ దాటాక తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"అట్లాంటి కాటా ఒకటి ఉండాదని తెలిసింటే, నిన్ను ఒక్క ముద్ద తిననిచ్చేవాణ్ణి కాదు గదమ్మా."