గొట్టం లోపల పెట్టిన బొట్టు

"నా చెయ్యి తగల్లే గదనే?" అని అడిగాడు నా భర్త.

"నాకేమెరుక. పండుకో జర," అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. ఆ పూటే పోయాడు. నాకు ఎరుకే. ఇన్నేళ్లుగా ఆ ఎరుకతోనే అన్నం తిన్నాను, దాంతోనే పడుకున్నాను.

సూరత్‌లో, సచిన్ అనే పేట దగ్గర ఒక కార్ఖానా. ఆయన స్టీలు గొట్టాలకు వెల్డింగ్ చేసేవాడు, నేను గచ్చు తుడిచేదాన్ని. కంటికి ఆనని కణాలను పరుగెత్తించే ఏదో పెద్ద యంత్రానికి ఆ గొట్టాలు. లోపల గాలి అన్నదే మిగలకూడదట. పంపులతో గుంజి, రోజుల తరబడి వేడిచేసి, మళ్లీ గుంజుతారు. ఇంకా ఎంత మిగిలిందో మీటరు చెబుతుంది. లోపల ఒక్క వేలిముద్ర పడినా అది ఆవిరి వదులుతూనే ఉంటుందని ఆయనే చెప్పాడు. గ్లౌజులు లేకుండా ఎవరూ ముట్టేవారు కాదు.

ఆయన ఒక్కడే చేసిన మొదటి పెద్ద గొట్టం అది. మూత బిగించే ముందు అందరూ చాయ్‌కి పోయారు. మా ఇళ్లలో కొత్త సామాను ఏదైనా బొట్టు పెట్టందే వాడం. బయట పెడితే తుడిచేస్తారు. అందుకని చెయ్యి లోపలికి పోనిచ్చి, తలనూనెలో తడిపిన కుంకుమ పెట్టాను. మురికంటే మట్టి అనుకున్నాను. కుంకుమ మురికి ఎట్లా అవుతుంది?

మీటరు దిగలేదు. వెల్డింగ్‌లో ఎక్కడా కారడం లేదని తేల్చారు. విప్పి చూస్తే లోపల వేలంత మరక, మాడి నల్లబడి ఉంది. ఆఖరున లోపల చెయ్యి పెట్టింది నువ్వే, గ్లౌజు తీశావా అని మేనేజరు అడిగితే, లేదన్నాడు. రెండోసారి అడిగితే తన చేతుల వంక చూసుకున్నాడు. నేను గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? పని పోతుందనా? కాదు. ఆయన తల తిప్పి నన్ను చూసే చూపుకు భయపడ్డాను.

ఆయన పని పోయింది. పాండేసరలో అద్దకం మిల్లుకు పోయేవాడు. ఇంటికొచ్చి నల్లా కింద చేతులు రుద్దుకుంటూ, మరిచిపోయి తీశానేమో, తీశానేమో అని గొణుక్కునేవాడు. వేళ్లకు పట్టిన రంగు పోయేది కాదు. రంగు కోసమేనా అంతసేపు కడిగింది? తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేసి, పక్కనే నిలబడి తువ్వాలు అందించిన మనిషిని నేను. చివరికి, పోయిన పూట, అడగాల్సిన మనిషినే అడిగాడు. అప్పుడు కూడా నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు నేనుండే వడోద్‌లో ఇప్పటికీ పక్కింటి నల్లా తిప్పితే ఉలిక్కిపడి లేస్తాను.

మీరు క్షమించాలని చెప్పడం లేదు. క్షమించాల్సిన మనిషి లేడు. చెప్పాను, అంతే. ఊపిరికి కాస్త జాగా అయింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా చెల్లెలి బిడ్డ రాసింది.

రాసినవా బిడ్డా? ఏడ్వకు. మొదటి సంది సదువు, నేను వింట. "నాకేమెరుక" అన్నకాడ గొంతు తగ్గియ్యకు.