నిమ్ము అన్నంత మాత్రాన

మా చుట్టాల్లో ఎవరిని కదిలించినా ఒకటే కథ చెప్తారు. పంజాగుట్ట ఆస్పత్రిలో నలుగురి ముందు నేను మా వదినె పరువు తీశానట, ఆడబిడ్డ బుద్ధి చూపించానట. అరిచిన మాట నిజమే, నా గొంతే అంత. కానీ ఆ రోజు పోబోయింది పరువు కాదు. మూడేళ్ల పిల్ల. ఆ సంగతి మాత్రం ఎవరి కథలోనూ ఉండదు.

మా అన్నది మెదక్ వైపు పల్లె. దగ్గు తగ్గడం లేదని అమీర్‌పేటలో మా ఇంటికి వస్తే నేనే తీసుకెళ్లి చూపించాను. టీబీ అన్నారు. మందులు మానకుండా వాడితే నయమవుతుందన్నారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించండి, చిన్నపిల్లలుంటే ముందు వాళ్లకు అని అన్న మొహం చూసి మరీ చెప్పారు. మా ఇంట్లో పడుకున్నాడు కనుక నేనూ మా ఆయనా వెంటనే ఎక్స్‌రే తీయించుకున్నాం. వదినెకు ఫోన్ చేసి చెప్పాను. "ఆఁ, చూపిస్త తియ్యి" అన్నది.

వాళ్ల కొడుకూ కోడలూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోతారు. మనవరాలు రోజంతా తాత దగ్గరే. తాత కంచంలో తింటుంది, తాత పక్కలో పడుకుంటుంది.

నెల తిరిగాక అన్న మళ్లీ చూపించుకోవడానికి వచ్చాడు. వెంట వదినె, ఆమె చంకలో పిల్ల. పిల్లకు జ్వరం వచ్చిపోతోందట, తిండి ముట్టడం లేదట. ఎట్లాగూ పట్నం వస్తున్నాం కదా అని తెచ్చారు. మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి. ఆటోలో అడిగాను.

"పిల్లకు పరీక్ష చేయించినవా వదినె?"

"దేనికి?"

"టీబీకి."

ఆటో అతను వింటాడని నా తొడ గిల్లింది. "మెల్లగ మాట్లాడు. నిమ్ము అను."

మావైపు గోడకు చెమ్మెక్కినా నిమ్మే, ఛాతీలో ఏమొచ్చినా నిమ్మే. ఊరంతటికీ అన్నకు నిమ్ము చేసిందనే చెప్పుకున్నదట. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అందరూ పరీక్షకు రండి అంటే, "మా ఇంట్ల టీబీ ఎవరికుందమ్మా, ఆయనకు నిమ్ము" అని గడప దగ్గర్నుంచే పంపించిందట.

"పేరు మారిస్తే రోగం మారుతదా?"

"నీకేంది, పట్నంల ఉన్నవ్. ఊర్లె తెలిస్తే మా ఇంట్ల నీళ్లు తాగుతరా ఎవరన్న?"

"పిల్లకు అంటితే?"

"నీ నోట్ల మంచి మాటనే రాదా?"

సిగ్నల్ దగ్గర ఆటో కదలదు. అన్న రుమాలు మూతికి అడ్డం పెట్టుకొని ఫ్లైఓవర్ కేసి చూస్తున్నాడు.

పిల్లల డాక్టర్ దగ్గర అందరం లోపలికి పోయాం. ఆయన పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అమ్మా?"

"లేదు సార్. అసొంటియేం లేవు."

ఆయన సిరప్ పేరు రాయడం మొదలుపెట్టాడు. నేను అన్న వైపు చూశాను. తలుపు పక్క కుర్చీలో కూర్చొని పిల్ల పాదాలు చూస్తున్నాడు. చెప్తాడనుకున్నాను. డాక్టర్ చీటీ చింపి చెయ్యి చాపాడు. వదినె అందుకోబోయింది.

"ఉన్నది సార్! ఇగో, ఈ తాతకే! మందులు సుత మింగుతుండు. పిల్ల ఆయన పక్కలనే పండుకుంటది!"

కర్టెన్ అవతల వంతు కోసం కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. డాక్టర్ చీటీ వెనక్కి తీసుకున్నాడు.

ఎక్స్‌రే గది బయట వదినె ఏడుస్తూనే కత్తులు దూసింది. "కడుపు నిండిందా ఆడబిడ్డా? మెట్రో స్టేషన్ల మైకు పట్టుకొని సుత చెప్పు, పో."

"చెప్తా. ముందు ఎక్స్‌రే రానీ."

అది వచ్చేలోపు పిల్ల నా కొంగు పట్టుకొని నిద్రపోయింది. దాని ఒళ్లు కాలుతోంది.

టీబీ లేదన్నారు. జ్వరం వేరేదట. కానీ టీబీ రాకుండా మందు వాడాల్సిందే అన్నారు.

"రోగం లేని పిల్లకు గోలీలెందుకు సార్?" అన్నది వదినె.

"తాత నుంచి క్రిమి లోపలికి పోయి ఉండొచ్చమ్మా. అది లేవకముందే మందు వేస్తాం."

వదినె మందులు సంచిలో పెట్టుకున్నది. ఇప్పటికీ నన్ను తిట్టుకుంటూనే పిల్లకు ఒక్క పూట తప్పకుండా వేస్తున్నదట. కొడుకూ కోడలూ కూడా పరీక్ష చేయించుకున్నారు. తిట్టనీ, నాకు ఫికర్ లేదు.

వదినె ఆ రోగం పేరు విన్నది నా ఫోన్‌లో. అన్నకు మాత్రం డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. అందరూ నా నోటి గురించీ, వదినె అబద్ధం గురించీ మాట్లాడతారు, ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నేనూ రెండుసార్లు అడగబోతే, పని ఉందని ఫోన్ పెట్టేశాడు.

అన్నా, ఆ చీటీ వదినె చేతిలో పడి ఉంటే, నువ్వు నోరు తెరిచేవాడివా?