పెద్దిరాజు చేతిలో ఎలుక

నాకు పీహెచ్‌డీ ఉంది. పెద్దిరాజు పదో తరగతి తప్పాడు. అయినా ఆరేళ్ల పాటు అతన్ని చూసి కుళ్ళుకున్నవాణ్ణి నేనే.

దక్షిణ ఢిల్లీలో నొప్పి మీద పరిశోధన చేసే మా ల్యాబులో అతను ఎలుకల్ని చూసుకునేవాడు. కరోల్ బాగ్‌లో ఒంటి గది, రెండు బస్సులు మారి రావడం. రాగానే ఒక్కో ఎలుకనీ అరచేతిలోకి తీసుకుని కాసేపు నిమిరేవాడు. ఆ తర్వాతే ప్రయోగం. ఎలుక తోక మీద దీపం వేడి పడేలా పెడతాం. ఎన్ని సెకన్లకి తోక లాక్కుంటుందో చూస్తాం. మందు పనిచేస్తే ఆలస్యంగా లాక్కుంటుంది. అతని చేతిలో కునుకు తీసే ఎలుకలు నన్ను మాత్రం కరిచేవి.

మా పెద్ద ఇంద్రాణి మేడమ్, ల్యాబు చూడ్డానికి ఎవరొచ్చినా "పెద్దిరాజు జీ కో బులాయియే" అనేది, పెద్దిరాజు గారిని పిలవండని. ఆ 'జీ' వింటే నా ఒళ్లు మండేది.

తొంభై నాలుగులో నేను తయారుచేసిన మందు పరీక్షకొచ్చింది. అది నిలిస్తే నాకు ప్రమోషన్. ఆ పేరులో ఇతనికి వాటా ఎందుకని, అత్తగారి ఊరు వెళ్ళాలని ఎప్పటినుంచో అడుగుతున్న సెలవు అప్పుడే ఇచ్చేశాను. మందు ఎలుకల్ని నేనే పట్టుకున్నాను. నిమరడం గిమరడం లేదు. పోల్చడానికి, మందు బదులు ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన ఎలుకల లెక్క పెద్దిరాజు తీసిందే ఉందిగా, దాన్నే వాడుకున్నాను. నా ఎలుకలు రెట్టింపు సేపు ఓర్చుకున్నాయి! గాల్లో తేలిపోతూ మేడమ్‌కి రిపోర్టు ఇచ్చాను.

పెద్దిరాజు తిరిగొచ్చి నా నోటుబుక్కు చూశాడు.

"ఉప్పునీళ్ల ఎలకల్ని కూడా మీ చేత్తోనే ఓసారి చూడండి సార్."

చూశాను. వాటికీ అదే రెట్టింపు.

"బెదిరిన ఎలక్కి నొప్పి తెలీదండి. అది మీ మందు కాదండి, బెదురండి."

ఆ సంగతి నేనూ పుస్తకాల్లో చదివిందే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా.

సిగ్గుతో, ల్యాబులోకి వచ్చిన మేడమ్ దగ్గరికి వెళ్ళి, లెక్క తప్పిందని చెప్పి రిపోర్టు వెనక్కి అడిగాను. మేడమ్ మెచ్చుకోలుగా చూసి, ఈ తప్పు ఎవరు పట్టారని అడిగింది. పక్కనే పెద్దిరాజు బోను కడుగుతున్నాడు.

"నేనే" అన్నాను.

అతను తలెత్తలేదు. మర్నాడు ఒక ఎలుకని తెచ్చి నా అరచేతిలో పెట్టి, ఎలా నిమరాలో ఓపిగ్గా చూపించాడు. నిన్నటి మాట ఎత్తనే లేదు. క్షమాపణ చెప్పాల్సింది నేను. కానీ నిజం చెప్పాలంటే, ఆ నిబ్బరం చూసి కూడా నాకు కుళ్ళే పుట్టింది.