జెర పైలం

నా కారును ఎవరైనా మెచ్చుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. "ఎంత మంచి బండండీ, దారిలో ఒక్కసారైనా ఆగిందా?" అని అడుగుతారు. ఆగలేదంటాను. నవ్వుతాను. ఆ నవ్వు వెనక ఏం మోస్తున్నానో నా భార్యకు కూడా తెలియదు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ భరోసాతోనే నోరు విప్పుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమేనని నాకు తెలుసు.

నేను కోస్తా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. అరవైల్లో బొంబాయి రోడ్డు పక్కన ప్రభుత్వ కర్మాగారం పెట్టినప్పుడు డ్రాయింగు సెక్షనులో చేరాను. మా కాలనీలో అందరూ మా వైపు వాళ్లే. మా వంటలు మావి, మా యాస మాది. ఊరి జనంతో మాట కలిసేది సరుకులు కొనేటప్పుడే. నెలకోసారి సంగారెడ్డి వెళ్లి నాగయ్య సేటు కొట్లో బియ్యం, కందిపప్పు తెచ్చుకునేవాళ్లం.

నాగయ్య సేటు గురించి కొంచెం చెప్పాలి. ఆయన కందులు, జొన్నలు కొని అమ్మే వ్యాపారి. పొట్టి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. బజారులో రైతుకూ వ్యాపారికీ పేచీ వస్తే ఇద్దరూ కలిసి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన ఒక మాట అనేవాడు. అంతటితో సరి. ఓడినవాడు కూడా తల ఊపి వెళ్లిపోయేవాడు. నేను పప్పు మూట పక్కన నిలబడి ఈ వింత చాలాసార్లు చూశాను. ఒక మనిషి మాటకు అంత బరువు ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆ బరువును నేనే తీసేస్తానని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

ఆయన దగ్గర ఒక చిన్న కారు ఉండేది. నాలుగు తలుపులు, బూడిద రంగు, అప్పటికే పాతది. మోకాళ్ల నొప్పులతో ఇక నడపలేక అమ్మేస్తానన్నాడు. నేను కొన్నాను. మా సెక్షనులో కారున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాళ్లు నేల మీద ఆనలేదు.

బండి అప్పగించిన రోజు ఆయన దాని చుట్టూ తిరుగుతూ, రైతు ఎద్దును అమ్ముతూ దాని గుణాలు చెప్పినట్టు చెప్పాడు.

"పొద్దుగాల సలికి మొదటిపారి అందుకోదు సార్, రెండోపారి అందుకుంటది. వానకాలం గీ తలుపు పట్టుకుంటది, మీదికి లేపి గుంజుండ్రి. ఎండల నీళ్లు మస్తు తాగుతది. ఇంజను మాత్రం మోసం జెయ్యదు. బ్రేకులు... జెర పైలం సార్."

నేను తల ఊపాను. పైలం. మా వైపు పదిలం అంటాం, భద్రం అని అర్థం. ఇక్కడివాళ్లు దాన్నే అలా పలుకుతారు కాబోలు అనుకున్నాను. బ్రేకులు భద్రంగా ఉన్నాయంటున్నాడు, సంతోషం. తాళాలు తీసుకున్నాను.

ఆ తర్వాత నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. 'జెర' అంటే కొంచెం అని నాకు తెలుసు కదా? కొంచెం భద్రం అని ఎవరైనా అంటారా? ఆ మాట అనే ముందు ఆయన ఎందుకు ఆగాడు? నా కళ్లలోకి ఎందుకు చూశాడు? ఏమిటండీ పైలమంటే, అని అడగడానికి నాకు ఏం అడ్డొచ్చింది? అడ్డొచ్చింది నా చదువు కాదు, నా మిడిసిపాటు. వాళ్ల మాట మా మాటకు వంకర రూపం అనుకోవడం మాకు అలవాటైపోయింది. అయినా అక్కడి దాకా అది పొరపాటే. పొరపాటుకు ఇన్నేళ్లు నిద్ర పాడు చేసుకోనవసరం లేదు.

కొన్నాళ్లకు మా పక్కింటి సుబ్బారావును ఎక్కించుకుని సంగారెడ్డి వెళ్లాను. నాతోపాటే పనిచేసేవాడు, మంచి వాలీబాల్ ఆటగాడు. తిరిగి వస్తుంటే కంది అనే ఊరు దాటాక ఒక దిగుడులో గడ్డి బండి అడ్డంగా వచ్చింది. బ్రేకు తొక్కాను. పెడలు నేల దాకా దిగిపోయింది, బండి ఆగలేదు. పక్కకు తిప్పేసి కంకరకుప్పకు కొట్టాను. నాకు నుదుటి మీద గీత పడింది. సుబ్బారావుకు కాలు విరిగింది. ఎముక అతికింది కానీ కాలు పొట్టిదైపోయింది. మళ్లీ బంతి ముట్టుకోలేదు.

అందరూ అడిగారు, కొనేటప్పుడు బ్రేకులు చూసుకోలేదా అని. "పదిలం అని చెప్పాడండీ సేటు" అన్నాను. అప్పుడు నేను నిజంగా అలాగే నమ్మాను. ఆ ముక్క కాలనీ అంతా పాకింది. స్థానికులు, బయటివాళ్లు అనే గొడవ ఊరూరా రాజుకుంటున్న రోజులవి. మనవాళ్లంటే ఎంత కక్షో చూశారా, చెడిపోయిన బండి అంటగట్టాడు, అన్నారు. నేను కాదనలేదు.

తర్వాత ఒక ఉదయం మా ఇంటికి పెరుగు పోసే ఆవిడ వచ్చింది. వాకిట్లో మా అమ్మాయి తడి మెట్ల మీద గెంతుతోంది. "పైలం బిడ్డా, జారుతవ్" అని అరిచిందావిడ. మా ఆవిడ నవ్వుతూ లోపలికి వచ్చింది.

"విన్నారా, ఇక్కడ పైలమంటే జాగ్రత్త అట."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. తాగకుండానే కింద పెట్టేశాను. ఆయన నన్ను హెచ్చరించాడు! బ్రేకులు జాగ్రత్త అని నా మొహం మీదే చెప్పాడు. నేను విని, తల ఊపి, ఇంకొకరి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆ దిగుడులో దించాను.

వెంటనే వెళ్లి చెప్పాల్సింది. సుబ్బారావు ఇల్లు గోడ అవతలే. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాకముందే నాగయ్య సేటు మా కాలనీకి వచ్చాడు.

ఎవరూ పిలవలేదు. తన మీద మాట పడిందని విని తనే బస్సెక్కి వచ్చాడు. కాలనీ రీడింగు రూములో కూర్చోబెట్టారు. సుబ్బారావును కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు, కాలికి కట్టు ఉంది. అతని భార్య గుమ్మంలో నిలబడింది. మా కాలనీ సంఘం పెద్ద, రిటైరు కాబోతున్న హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయనే మొదలుపెట్టారు.

"బ్రేకులు పదిలమని చెప్పి అమ్మారటగా సేటూ?"

"పదిలం అనలే సార్. పైలం అన్న. బ్రేకులు జెర పైలం అన్న."

"పైలమో, పదిలమో, రెండూ ఒకటేగా."

"ఒకటి గావు సార్. పైలమంటే జాగర్త. గా సార్ ఈడనే ఉన్నడు, ఆయననే అడుగుండ్రి. నేను ఏమన్ననో ఆయన జెప్తడు."

అలా అన్నప్పుడు ఆయన ముఖంలో ఏ కంగారూ లేదు. నేను నిజం చెబుతాననడంలో ఆయనకు అణుమాత్రం సందేహం లేదు. ఇప్పటికీ నన్ను నిలబెట్టి కాల్చేది అదే. తన పరువంతా తెచ్చి నా నోట్లో పెట్టి ఆయన నిమ్మళంగా కూర్చున్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఏమన్నాడయ్యా నీతో?"

ఒక్క మాట. పైలం అన్నారండీ, నాకే అర్థం కాలేదు, అంటే సరిపోయేది. జనం నన్ను చూసి నవ్వేవాళ్లేమో. సుబ్బారావు తిట్టేవాడేమో, మాట్లాడడం మానేసేవాడేమో. గుమ్మంలో నిలబడిన అతని భార్య కళ్లు నా మీదే ఉన్నాయి. ఆ కళ్లకు భయపడ్డాను. ఆ కాలుకు నేనే జవాబుదారీ అని అంతమంది ముందు తేలిపోతుందని భయపడ్డాను.

"పదిలం అన్నారు" అన్నాను.

సేటు నన్ను చూశాడు. కోపంగా కాదు. చాలాసేపు, ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత లేచి చెప్పులు తొడుక్కున్నాడు. సుబ్బారావు దగ్గరికి వెళ్లి, "కాలు జల్దీ మంచిగ గావాలె బిడ్డా" అని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.

మా కాలనీవాళ్లు ఆయన కొట్టుకు వెళ్లడం మానేశారు. అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ నాకు ఆలస్యంగా తెలిసింది. బజారులో పేచీ తీర్చమని ఎవరో వస్తే, "నా మాట మీద అనుమానం వడ్డది, ఇంక నేను జెప్పద్దు" అని ఆయనే పంపేశాడట. మళ్లీ ఎప్పుడూ తీర్పు చెప్పలేదట. వాళ్లకు ఆయన మీద అనుమానం లేదు. ఆయనే తన నోటికి తాళం వేసుకున్నాడు. నేను అబద్ధం ఆడి అందరితోనూ మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన నిజం చెప్పి మౌనంగా ఉండిపోయాడు. ఇలాంటి మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక కారు. బ్రేకులు బాగుచేయించాను. ఆ తర్వాత అది నన్ను ఎన్నడూ వదిలేయలేదు. చుట్టూ పొలాలు పోయి షెడ్లు లేచాయి, పటాన్‌చెరు దాకా పొగగొట్టాలు వచ్చాయి, నాతో చేరినవాళ్లు స్కూటర్లు మార్చారు, కొత్త కార్లు కొన్నారు. వాళ్ల బండ్లు ఎండలో ఆవిరి కక్కుతూ రోడ్డు పక్కన ఆగితే నా ముసలి బండి పక్కనుంచి వెళ్లిపోయేది. చలికాలం ఉదయం తాళం తిప్పితే మొదటిసారి అందుకోదు. రెండోసారి అందుకుంటుంది. వానల్లో ఆ తలుపు పట్టుకుంటుంది, పైకి లేపి లాగితే వస్తుంది. ఎండల్లో నీళ్లు తాగుతుంది. ఇంజను మోసం చెయ్యదు. ఆయన చెప్పిన ఒక్క ముక్క కూడా తప్పలేదు. ఇనుముకు మాట నిలబెట్టుకోవడం తెలుసా అనిపించేది. ఆ ఇంజను అందుకున్నప్పుడల్లా, నిజం చెబుతున్నాను, నాకు చేతులు జోడించాలనిపించేది. మరి ఎందుకు అమ్మేయలేదంటారా? అమ్మేస్తే తప్పించుకున్నట్టే అనిపించింది. కాదు, అది గొప్పలు పోవడం. బండి మంచిది, అందుకే ఉంచుకున్నాను. రెండూ నిజమేనేమో.

పోయిన ఏడాది సంగారెడ్డి నుంచి వస్తుంటే రోడ్డు పక్కన సేటు కనిపించాడు. భార్యకు ఒంట్లో బాగాలేదు, పటాన్‌చెరులో డాక్టరుకు చూపించాలట, బస్సు రాలేదు. ఆపాను. ఆయన తన కారును గుర్తుపట్టి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత భార్యను వెనక పడుకోబెట్టి నా పక్కన కూర్చున్నాడు. ఆ దిగుడు వచ్చినప్పుడు నేను దాదాపు నడక వేగానికి వచ్చేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

డాక్టరు ఇంటి ముందు దిగి, బానెట్టు మీద చెయ్యి ఆనించాడు.

"బండి మంచిగ వెట్టుకున్నరు సార్."

"మీరు చెప్పినట్టే ఉందండీ" అన్నాను.

ఆయన చెయ్యి అక్కడే ఆగింది. నన్ను చూశాడు, రీడింగు రూములో చూసినట్టే.

"ఏది జెప్పినట్టు సార్?"

ఎంత మెల్లగా అడిగాడో! నిజం చెప్పమని తలుపు తీసి పట్టుకున్నట్టే ఉంది నాకోసం. అడుగు వెయ్యడమే నా పని. వెనక సీటులో ఆయన భార్య మూలుగుతోంది. రోడ్డు మీద మేము తప్ప ఎవరూ లేరు. భయపడడానికి ఎవరూ లేరు.

"ఇంజను... ఇంజను మోసం చెయ్యదన్నారుగా" అన్నాను.

"ఔ. ఇంజను మంచిదే" అన్నాడు. భార్యను మెల్లగా దించుకుని, రెక్క పట్టి నడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఈ వానాకాలంలో ఆయన పోయాడు. నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? సుబ్బారావుకు ఇంకా చెప్పలేదు. ఇది రాయడం అయ్యాక గోడ అవతలికి వెళ్తానా? వెళ్తానని మీకు మాట ఇవ్వలేను, నా మాట విలువ మీకు ఇప్పటికే తెలిసిపోయింది. సేటు నన్ను క్షమించి ఉంటాడని అనుకోవడం లేదు. అడగాల్సిన రోజున అడగలేదు. కానీ ఆ డాక్టరు ఇంటి ముందు, ఏది జెప్పినట్టు సార్ అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం నాలో ఇక దాచుకోలేను. ఒక్కసారి పైకి అననివ్వండి, కొంచెం ఊపిరి ఆడుతుంది.

బ్రేకుల గురించి, సేటూ. మీరు బ్రేకుల గురించి చెప్పినట్టు.