లేవని మీట

అందరి పియానోలూ బాగుచేసే మనిషి, సొంత కూతురు వాయించే పియానోలో ఒక్క మీట ఎందుకు బాగుచేయలేదు? బద్ధకమా, భయమా, ఇంకేమైనానా? అతన్ని ఎరిగినవాళ్లు తలో మాటా చెబుతారు. అతన్నే అడిగితే గడ్డం గోక్కుని, చేద్దామనే అనుకున్నానండీ అనేవాడు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఎంత ఆలోచించినా ఈ ముడి విడదు.

కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం నిండా కడుపులు విప్పిన పియానోలు, జిగురు వాసన, చుట్టలు చుట్టిన తీగలు. పైన ముందుగదిలో ఇంకో పియానో. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ మొహం చూపించలేదు. కింద చోటు లేక నలుగురు మనుషులు చచ్చీచెడీ దాన్ని పైకెక్కించారు. కూతురు ఇంకా సరిగ్గా మాటలు రాకముందే దాని ముందు నిలబడి ఒంటి వేలితో టుకుటుకు పొడిచేది. అందుకని తండ్రి పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టాడు. పెద్దయ్యాక కూడా ఇంట్లో అదే పేరు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. తండ్రి తీగ బిగిస్తూ చెవి ఒగ్గి వింటున్నప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. ఎంత పనున్నా పక్కన వచ్చి నిలబడాలి. ఆయన తలెత్తాక చెప్పాలి. పిచ్చుకకు నడక వచ్చినప్పుడే ఇదీ వచ్చింది. ఆకలేసినా, మోకాలు చెక్కుకుపోయినా వచ్చి నిలబడేది. ఆయన తలెత్తి చూసేసరికి పిల్ల కళ్లనిండా నీళ్లు.

పై పియానోలో నడిమి మీట ఒకటి చెమ్మకి ఉబ్బి పట్టేసింది. నొక్కితే దిగుతుంది గానీ, తనంతట తాను లేవదు. పిచ్చుక దానికి తన దారి తాను వెతుక్కుంది. నొక్కిన వెంటనే బొటనవేలి గోటితో దాని అంచును పైకి మీటేది. ఎంత వేగంగా వాయిస్తున్నా చెయ్యి ఆ పని చేసుకుపోయేది. కింద పనిలో ఉన్న తండ్రికి చెక్క కప్పులోంచి ఆ గోటి చప్పుడు, టక్ మని, వినపడేది. మరెవరి చెవికీ ఆనని చప్పుడు. అది వినపడితే ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది అతనికి.

తల్లి బట్టలు కుట్టేది. ఆవిడ నోరు కూడా కుట్టుమిషను లాంటిదే, మొదలైతే ఆగదు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో పెరటి వైద్యుడు చెట్టుకే పనికిరాడు" అనేది వచ్చినవాళ్లందరితో. అతను నవ్వి, రేపు చూస్తాలే అనేవాడు.

సంగీతం నేర్పే పంతులమ్మ మొదటి రోజే ఆ వేలిని పట్టేసింది. ఆవిడ ఇంట్లో మీటలన్నీ బుద్ధిగానే లేచేవి, అయినా పిల్ల గోరు ఊరుకునేది కాదు. ఈ వేలి అలవాటు మాన్పించకపోతే పెద్దచోట పరువు పోతుందని తండ్రికి కబురు పంపింది. ఆ సాయంత్రం అతను పనిముట్లు పట్టుకుని పైకి వెళ్లాడు, మూత తీశాడు, మీటను రెండుసార్లు నొక్కి లేపి చూశాడు. చిన్న పని. మూత మళ్లీ పెట్టేసి కిందికి వచ్చేశాడు. వెలుతురు చాలలేదని భార్యతో అన్నాడు.

పిచ్చుకకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి పెద్ద నగరంలోని సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు పిలుపు వచ్చింది. అక్కడ చోటు దొరికితేనే సంగీతం మీద బతుకు. లేకపోతే అమ్మ పక్కన సూదీ దారం. తండ్రి తోడు వెళ్లి నడవాలో బల్ల మీద కూర్చున్నాడు. తలుపు వెనక వాయిద్యం మొదలైంది, చక్కగా సాగింది. వేగం అందుకునే చోట ఒక్కసారి తడబడింది. మళ్లీ అందుకుంది, మళ్లీ అక్కడే తడబడి ఆగిపోయింది. అక్కడే ఎందుకో లోపల కూర్చున్న పెద్దలకు తెలియదు. అతనికి తెలుసు.

వచ్చే ఏడు రమ్మన్నారు.

తిరుగు బస్సు ఎక్కారు. నగరం దాటాక అతనే, "ఇంటికెళ్లగానే బాగుచేసేస్తానే" అన్నాడు.

"ఇప్పుడొద్దు నాన్నా."

"అదేంటే?"

"అలాగే పడుండనీ. అది కిందే పడున్నా గోరు పెట్టకుండా వాయించడం నేర్చుకుంటా. నువ్వు బాగుచేస్తే నా వేలికి ఎప్పటికీ బుద్ధి రాదు."

"కోపం వచ్చిందా నా మీద?"

ఆమె కిటికీలోంచి చూస్తూ అంది. "కోపమొచ్చి ఏం లాభం? నువ్వూ ఆ మీటలాంటోడివే. ఎవరో ఒకరు లేపాలి."

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఎంత నవ్వు ఉందో అతనికి అంతుపట్టలేదు.

ఆ ఏడాది ఇంట్లో సంగీతం చిల్లుపడినట్టు వినిపించింది. ఆ స్వరం ఒకసారి పలికేది, ఆ తర్వాత అది రావలసిన ప్రతిచోటా ఖాళీ. "పాటకి పళ్లూడాయేంటే?" అనేది తల్లి. పిచ్చుక పొద్దున పూట నాట్యం బడిలో పిల్లల అడుగులకు వాయించి వచ్చి, మధ్యాహ్నం నుంచి ఈ బోసినోటి పియానో ముందు కూర్చునేది. పాటలో ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ కింద తండ్రి చేతిలో పని ఆపేవాడు. గోటి చప్పుడు వారాల మీద పలచబడి, ఒకనాటికి పూర్తిగా ఆగిపోయింది. పంతులమ్మ సంతోషించింది. అతను కూడా సంతోషించాలి కదా.

మరుసటి ఏడు చోటు దొరికింది. ఆమె వెళ్లిన రోజే అతను పైకెక్కి ఆ మీట బాగుచేశాడు. పక్కన పెట్టుకున్న టీ చల్లారేలోపు అయిపోయింది. ఇన్నేళ్లు ఆగిన పని ఇంతేనా అని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

చదువయ్యాక ఆమె గాయకుల పక్కన వాయించింది, ఊగిపోయే కుర్చీలున్న చిన్న హాళ్లలో వాయించింది. తర్వాత ఊళ్లు తిరిగే వాద్యబృందం ఒకటి ఆమెను ముందు కూర్చోబెట్టింది. పత్రికలో ఫోటో వస్తే, అందులో జాకెట్ కుట్టింది తనేనని తల్లి అందరికీ చెప్పుకుంది.

దూర దేశాల పర్యటనకు ముందు పిచ్చుక ఇంటికి వచ్చింది. పైన పియానో వాయించింది. ఆ మీట నొక్కింది, అది లేచింది. ఏమీ అనలేదు. తండ్రి భోజనాల దగ్గర, మెట్ల దగ్గర, ఒక్క మాట కోసం ఎదురుచూశాడు. చూశాను నాన్నా అంటే చాలు. ఇన్నాళ్లకా అని తిట్టినా చాలు. ఆమె వానల గురించి, హోటల్ పరుపుల గురించి చెప్పింది.

బయల్దేరే పొద్దున తల్లి కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్లింది. అతను కింద ఒక బడివాళ్ల పియానో తీగ బిగిస్తున్నాడు. పైన ఒక్క స్వరం పలికింది. అది చివర తెగకుండా, సాగకుండా, మీట తానుగా లేచినట్టు సాఫీగా ఆగింది. ఆ వెంటనే, ఏ అవసరమూ లేకుండా, టక్ మని గోటి చప్పుడు.

అతని చెయ్యి పనిముట్టు మీదే ఉండిపోయింది.

మెట్ల మీద అడుగులు. ఆమె వచ్చి పక్కన నిలబడింది, చిన్నప్పటిలాగే, నోరు మెదపకుండా. తీగ ఇంకా మోగుతూనే ఉంది. తలెత్తితే తన మొహం ఆమెకు కనపడుతుంది. అతను చెవి పియానోకి మరింత ఆనించాడు.

కాసేపటికి తలుపు కిర్రుమంది. అతను తలెత్తేసరికి పిచ్చుక భుజాన సంచీతో వీధి చివర బస్సెక్కుతోంది.