రెండో విస్తరి

బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. బాయిలో పోయినవాళ్లు కనిపిస్తారని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది దయ్యం సంగతి కాదు, మా అక్క సంగతి.

అక్క పేరు సరోజన. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను డిగ్రీ చదివేవాణ్ణి. ఒకరోజు భూపాలపల్లి రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం. ఆ బంతిలో కూర్చోవాలని అక్క ఆశ.

"నన్నుగూడ తోల్కపో తమ్మీ. ఒక్క విస్తరంత జాగ చాలు."

"నిన్ను ఎత్తుకొని తిరగాల్నా, నినాదాలియ్యాల్నా?" అని వెళ్లిపోయాను. అసలు కారణం అది కాదు. దోస్తుల ముందు ఆమెను ఎత్తుకోవడం నాకు నామోషీ.

మధ్యాహ్నం తినడానికి కూర్చున్నాం. వడ్డిస్తున్న ముసలామె ఎవరో నాకు తెలియదు. నా ముందు ఒక విస్తరి వేసి, పక్కన ఖాళీ జాగాలో ఇంకొకటి వేసింది. రెండింట్లోనూ అన్నం, పప్పు పెట్టింది.

"గిది ఎవరికవ్వా?"

"మీ అక్కకు బిడ్డా. నీ పక్కపొంటే కూసున్నది గదా."

దోస్తులు నావైపు చూశారు.

"నాకు అక్క లేదు" అన్నాను.

ఆమె అన్నం గిన్నె ఎత్తుకుని ముందుకు పోయింది.

పప్పు నోట పెట్టలేకపోయాం. ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరు ఉప్పేశారట. "తెలంగాణ వచ్చేదాక నీళ్లు తాగుడే ఇగ!" అని ఒకడంటే అందరం నవ్వాం.

అక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్లాను. నాకంటే ముందు మా వాడకు ఎవరూ రాలేదు.

గడపలోనే అమ్మ విసుక్కుంది. "మీ అక్క అన్నం ముట్టలే. 'తమ్మునితోని తిన్ననే, పప్పుల ఉప్పెక్కువైంది' అంటది. గీ పరాష్కాలేందిరా?"

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఆ రోజు సంగతి తర్వాత కూడా నేనడగలేదు, ఆమె చెప్పలేదు. రాష్ట్రం రాకముందే పోయింది.

అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ పూట ఆమె నిజంగానే నా పక్కన కూర్చుని తిన్నదని నమ్మాలని ఎంతో ఆశ. కానీ అలా నమ్మితే, నేనన్న మాట కూడా ఆమె విన్నట్టే.