బోణీ కానీ

మార్కాపురం బజారులో పొద్దున్నే అందరికన్నా ముందు లేచే షట్టరు రంగనాయకులు కిరాణా కొట్టుది. బోణీ కాకుండా గద్దె దిగడం ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేదు. ఎవరు ఎక్కడికి రమ్మన్నా జేబులోని తాళాల గుత్తి తడుముకుంటూ "బోణీ కానీ" అంటాడు. భార్య అన్నపూర్ణ షుగరుకు నడక మంచిదని డాక్టరు చెప్పాక, తోడు రమ్మని ఆమె రోజూ అడిగేది. ఆమెకూ అదే జవాబు. చివరికి కిడ్నీలు పాడై, డయాలసిస్ మీద రెండేళ్లుండి పోయింది.

డయాలసిస్ రోగుల సాయానికి ఊళ్లో విరాళాల పరుగు ఏర్పాటు చేస్తే, అరవయ్యో ఏట, ఆమె పేరు అచ్చువేసిన టీషర్టు తొడుక్కుని జట్టులో చేరాడు. రొప్పుతూనే రెండు కిలోమీటర్లు పరిగెత్తాడు. దారి తన దుకాణం ముందు నుంచే. మూసిన షట్టరు దగ్గర ఒక ముసలామె సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది శెట్టీ, ఇంకా తియ్యలా? రోంత బెల్లం ఇయ్యి నాయనా."

రంగనాయకులు ఆగిపోయాడు.

"బోణీ బేరం, వట్టి చేతుల్తో ఎట్ల పంపేది? మీరు పోతా ఉండండి, వస్తా," అని జట్టువాళ్లకు చెప్పి తాళం తీశాడు.

బెల్లం తూచి ఇచ్చి తలెత్తేసరికి వీధి ఖాళీ. చెమటకు తడిసి టీషర్టు మీది పేరు గుండెకు అతుక్కుపోయింది. మెల్లగా గద్దె దిగాడు.

"బోణీ అయింది, అన్నపూర్ణా," అన్నాడు. "పోదాం పా."